హంతకుడే కథానాయకుడైతే?

ఒక నేరం ఒప్పుకుని ఈ వ్యాసం మొదలుపెడతాను. పోయిన సంవత్సరం పరీక్షల ముందు మూడు రాత్రులు నేనొక హంతకుడి పక్షాన నిలబడ్డాను. వాడు పోలీసులకు దొరక్కుండా సరిహద్దు దాటాలనీ, వాడి తుపాకి ఎవరి కంటా పడకూడదనీ కోరుకున్నాను. జువాలజీ రికార్డు పక్కన పడేసి మరీ కోరుకున్నాను! ఆ హంతకుడు ఫ్రెడరిక్ ఫోర్సిత్ 1971లో రాసిన 'ది డే ఆఫ్ ది జాకల్' నవలలోని జాకల్. తెలుగులో చెప్పాలంటే నక్క.

కథకు పునాది చరిత్రలోనే ఉంది. అల్జీరియాకు స్వాతంత్ర్యం ఇచ్చినందుకు ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాల్ మీద కొందరు సైనికాధికారులు పగబట్టారు. 1962 ఆగస్టు 22న పారిస్ శివార్లలో ఆయన కారు మీద తుపాకి గుళ్ళ వర్షం కురిపించారు. ఆయన బతికి బయటపడ్డాడు. ఆ దాడి నడిపిన అధికారికి 1963 మార్చిలో మరణశిక్ష అమలు చేశారు. ఇక్కడి నుంచి కల్పన మొదలవుతుంది. ఓ.ఏ.ఎస్. అనే రహస్య సంస్థ ఈసారి అయిదు లక్షల డాలర్లకు ఒక విదేశీ కిరాయి హంతకుణ్ణి కుదుర్చుకుంటుంది. వాడే జాకల్.

ముందు ఈ నవల బలం చూద్దాం. డిగాల్ 1970 నవంబరులో సొంత ఇంట్లో కన్నుమూశాడని లోకానికంతా తెలుసు. అంటే, జాకల్ ఓడిపోతాడని మొదటి పేజీ తిప్పకముందే మనకు తెలుసు. అయినా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. ఎందుకని? రచయిత "ఏమవుతుంది?" అనే ప్రశ్న మానేసి "ఎలా?" అనే ప్రశ్న పట్టుకున్నాడు. నవలలోని మూడు భాగాలకూ 'అనాటమీ' అన్న మాటతోనే పేర్లు పెట్టాడు. నిజంగానే అది కోసి చూపించడమే. చిన్నతనంలోనే చనిపోయిన ఒక బిడ్డ పేరు మీద పాస్‌పోర్టు సంపాదించడం, చంకకర్ర గొట్టాల్లో తుపాకి భాగాలు దాచడం, అడవిలో పుచ్చకాయకు గురిపెట్టి పరీక్షించడం - అన్నీ మన ప్రాక్టికల్ రికార్డులాగే ఉద్దేశ్యం, పరికరాలు, విధానం వరసలో నడుస్తాయి. గుండు మొనలో పాదరసం చుక్క పెట్టే చోట నేను ఎగిరి గంతేశాను. గుండు తగిలి ఆగగానే జడత్వం వల్ల పాదరసం ముందుకు దూకుతుంది! క్లాసులో నిద్రపట్టించిన న్యూటన్ సూత్రం ఇక్కడ నిద్ర చెడగొట్టింది.

ఫోర్సిత్ అంతకుముందు పారిస్‌లో రాయిటర్స్ విలేకరిగా పనిచేసినవాడు. అందుకే పత్రిక వార్త చదివినట్టే ఉంటుంది, అబద్ధం కూడా నిజంలా నమ్మిస్తుంది. జాకల్‌కు ఎదురు నిలిచిన డిటెక్టివ్ లెబెల్ కూడా సినిమా హీరో కాడు. పొట్టిగా ఉంటాడు, ఇంట్లో భార్యకు భయపడతాడు. అతని ఆయుధాలు ఫోనూ, ఫైళ్ళూ, ఓపికా. కాబట్టి తరాజు రెండు సిబ్బెలూ సమంగా తూగుతాయి.

మరి బలహీనతలు? జాకల్ లోపల ఏముందో రచయిత చూపించడు. డబ్బు కోసం చంపుతాడు, అంతే. చివరికి వాడి అసలు పేరు కూడా తెలియదు. అది రహస్యంలోని అందమని నా రూమ్మేటు వాదిస్తాడు. నాకు మాత్రం అంత పెద్ద ఇంటికి తలుపులన్నీ మూసి, గోడలు చూసి వెళ్ళమన్నట్టు అనిపించింది. ఇక స్త్రీలు. ఒకామె శత్రువుల గూఢచారిణి, ఇంకొకామె జాకల్‌కు ఆశ్రయమిచ్చిన జమీందారిణి. ఇద్దరూ కథకు పనికొచ్చే పనిముట్లే. రహస్యం రాబట్టడానికి ఫ్రెంచి ప్రభుత్వ మనుషులు ఒక ఖైదీని చచ్చేదాకా హింసిస్తారు. దాన్నీ రచయిత అంతే చల్లగా చెప్పి దాటిపోతాడు.

అన్నిటికన్నా పెద్ద లోపం నాకు పుస్తకంలో కాదు, మా పొలంలో తెలిసింది. మాది మిర్చి వేసే ఊరు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళేసరికి మా చేలకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్‌ను రాత్రికి రాత్రి విప్పి, నూనె పారబోసి, రాగి తీగ ఎత్తుకుపోయారు. కుక్క మొరగలేదు. టీ బంకు దగ్గర అందరిదీ ఒకటే మాట: "ఎంత పనోడ్రా వాడు!" నేనూ ఆ మాటే నాన్నతో అన్నాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాడి పనితనం సరేలేరా. చేను వంక ఒకసారి చూడు," అన్నాడు. కొత్తది వచ్చేసరికి పన్నెండు రోజులు పట్టింది. పూత రాలిపోయింది. ఆ ఏడు నా హాస్టలు మెస్ బిల్లు అప్పు తెచ్చి కట్టారు.

ఆ రాత్రి మళ్ళీ నవల తెరిచాను. జమీందారిణిని చంపి జాకల్ రైలెక్కే చోట, మొదటిసారి నేనూ వాడితోపాటు ఆత్రంగా రైలెక్కేశాను. చచ్చినావిడ వంక తిరిగి చూడలేదు. రచయిత చూడనివ్వలేదు. పనితనం మీద మోజు పుట్టించి, ఎండిన చేను కనపడకుండా చేయడమే ఇలాంటి నవలల బలం. బలహీనతా అదే.

అయితే ఫోర్సిత్‌కు ఒక్క విషయంలో నమస్కారం పెట్టాలి. చివర డిగాల్ తలకు గురిపెట్టి జాకల్ కాలుస్తాడు. సరిగ్గా ఆ క్షణాన డిగాల్ ఎదురుగా ఉన్న మాజీ సైనికుణ్ణి ముద్దుపెట్టుకోవడానికి ముందుకు వంగుతాడు. గుండు తప్పిపోతుంది. ఫ్రెంచివాళ్ళు పతకమిచ్చి బుగ్గల మీద ముద్దుపెడతారని ఆ ఇంగ్లీషువాడి లెక్కలో లేదు. దూరం కొలిచాడు, గాలి కొలిచాడు. మనిషి మనిషికి ఎలా దగ్గరవుతాడో మాత్రం కొలవలేదు. అది కాకతాళీయమే కావచ్చు. నాకు మాత్రం తీర్పులాగే వినిపించింది.

ఫోర్సిత్ 2025 జూన్‌లో మరణించాడు. ఆయన పుస్తకం చదవొద్దని నేననను, తప్పక చదవండి. కానీ జాకల్ రైలెక్కే చోట ఒక్క నిమిషం ఆగి, వెనక్కి తిరిగి చూడండి. అక్కడొక చేను ఎండిపోయి ఉంటుంది.