పొట్టకు ఆపరేషన్, గుండెకు మేలు

మితిమీరిన కొవ్వు ఒంట్లో ఊరికే పడి ఉండదు. అది వదిలే రసాయనాల వల్ల రక్తనాళాల గోడల్లో వాపు రేగుతుంది. నొప్పి ఉండదు, జ్వరం రాదు. నాళాలు మాత్రం పూడుకుపోతూ ఉంటాయి. జీర్ణాశయాన్ని చిన్నది చేసే ఆపరేషన్ తర్వాత ఈ వాపుకు గుర్తయిన సి.ఆర్.పి. అనే పదార్థం రక్తంలో బాగా తగ్గుతుంది.

స్వీడన్‌లో డాక్టర్లు 1987 నుంచి దీనిని పరిశీలించారు. ఆపరేషన్ చేయించుకున్న 2,010 మందిలో 28 మంది గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించగా, చేయించుకోని 2,037 మంది స్థూలకాయుల్లో 49 మంది మరణించారని 2012లో వెల్లడించారు. విచిత్రమేమిటంటే, ఎక్కువ మేలు పొందింది ఎక్కువ బరువున్నవారు కాదు, రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నవారు.

కాస్త బొజ్జ పెరిగిన వారికి చేసే ఆపరేషన్ కాదిది. చేయించుకున్నవారు జీవితాంతం విటమిన్ మాత్రలు వేసుకోవాలి.