పొట్టి జొన్న, పొట్టి మక్క: ఒక్క ఇంటి పోలికలు



ఆదిలాబాద్ వైపు జొన్న సంగతి ఎత్తితే తరచు వినవచ్చే మాట ఒకటున్నది. "పొట్టి జొన్న వేస్తిమి సారూ, గింజైతే వచ్చింది. కని ఎడ్లకేమెయ్యాలె? చొప్ప సగం గూడ రాలే. పైగా కంకికి బూజు." 1964లో మన దేశపు మొదటి సంకర జొన్న సి.ఎస్.హెచ్-1 వచ్చిన నాటి ఫిర్యాదే ఇది. న్యాయమైనదే. కాని ఇందులో మూడు సంగతులు ఒక్క మూటగా కట్టివున్నవి, విప్పి చూడవలెను.

జొన్న ఎత్తును ముఖ్యంగా నాలుగు జన్యువులు నిర్ణయిస్తవని 1954లో అమెరికాలో క్విన్‌బీ, కార్పర్ అనే శాస్త్రజ్ఞులు తెలిపినారు. ఇటువంటివి ఎట్లా తేలుస్తారంటే, మొక్కలు లెక్కపెట్టి. పొడుగు, పొట్టి రకాలను సంకరపరచి, మనుమల తరంలో నాలుగు వందల మొక్కలు చూస్తారు. ఒక్క జన్యువే కారణమైతే మూడు వందలు పొడుగు, వంద పొట్టి రావలె. 290, 110 వస్తే అది గాలివాటం తేడా. 250, 150 వస్తే మాత్రం ఆ మాట నిలవదు. పది మొక్కలు చూసి తీర్పు చెప్పరాదు.

ఇక కరీంనగర్ మక్కకు వద్దాము. దానిలోనూ కింది కణుపులు దగ్గరపడే పొట్టితనం ఒకటున్నది. దగ్గరి చుట్టాలైన పంటలలో ఒకే తీరు మార్పులు వస్తవని రష్యాలో వవిలోవ్ 1920లోనే అన్నాడు. 2003లో చూడగా జొన్నలో ఆ నాలుగింటిలో ఒకటి, మక్కలోని ఈ జన్యువు ఒక్కటేనని రుజువైంది. రెండు పంటలూ వేరుపడి కోటి ఏండ్లు దాటినా కాండంలో ఆక్సిన్ అనే పెరుగుదల పదార్థాన్ని కిందికి పంపే పని దానిదే. అది చెడితే కణుపుల సంఖ్య తగ్గదు, నడిమి దూరం తగ్గుతుంది. కనుక చొప్ప తగ్గడం ఈ పొట్టితనం వెంటనే వచ్చేది, విడదీయలేము.

బూజు సంగతి వేరు. వానలు వెనుకపట్టకముందే గింజ పండితే బూజు పడుతుంది. అది పంటకాలాన్నిబట్టి వచ్చేది, ఎత్తునుబట్టి కాదు. అయితే నాలుగింటిలో మరొక పొట్టి జన్యువు పంటకాలపు జన్యువుకు పక్కనే ఉన్నది. ఇరుగుపొరుగు గనుక రెండూ జంటగా వస్తవి. ఓపికతో ఎక్కువ మొక్కలు వెదికితే విడివడినవీ దొరుకుతవి. అందుచేత విత్తనం కొనేటప్పుడు ఎత్తుతోపాటు ఎన్ని రోజుల పంటో కూడా అడగండి.

ఇంకొక్కటి. పొట్టి చేనులో అక్కడక్కడ పొడుగు మొక్క లేస్తే దుకాణదారుతో తగువుకు పోకండి. జొన్నలో ఆ చెడిన జన్యువులో ఒక ముక్క రెండుమార్లు ఉన్నది. అరుదుగా ఆ అదనపు ముక్క జారిపోయి మొక్క మళ్ళీ పొడుగవుతుంది. వందకు పదో ఇరవయ్యో ఉంటే మాత్రం అది కల్తీయే. సూటి రకం విత్తనానికి ఉంచుకొనే చేనైతే, పూత రాకముందే ఆ పొడుగువాటిని పీకి ఎడ్లకు వేయక ఎండబెట్టండి. లేత జొన్న పశువుకు విషం.