పిల్లల ఆపరేషన్ అయిపోయింది... తర్వాత?

పద్దెనిమిదికో పందొమ్మిదికో పెళ్లి. ఏడాది తిరిగేసరికి ఒక బిడ్డ. మరో రెండేళ్లకి ఇంకొకరు. ఆ కాన్పుతోనే పిల్లల ఆపరేషన్. అప్పటికి ఆమెకి పాతికేళ్లు కూడా నిండవు. మన పల్లెల్లో ఎవరికీ వింతగా అనిపించని సంగతే ఇది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన 15-49 ఏళ్ల మహిళల్లో దాదాపు 70 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. తెలంగాణలో 60 శాతం పైనే. దేశం మొత్తమ్మీద 38. మరి మగవాళ్లో? ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఒక్కరు కూడా లేరు! వాళ్లకి చేసేదే తేలికైన ఆపరేషన్ అయినా సరే.

అలా చాలామందికి ఆపరేషన్‌కి ముందు ఏమీ వాడే వీలుండదు, తర్వాత వాడే అవసరం ఉండదు. కొత్త కోడలు మాత్రలు వేసుకుంటానంటే 'ముందు ఒక కాన్పు కానివ్వమ్మా' అంటారు. నిజానికి ఇరవైల్లో ఉన్నవారికి బోలెడు మార్గాలున్నాయి. కాపర్-టి పదేళ్ల వరకు పనిచేస్తుంది. 'అంతర' ఇంజెక్షన్ మూడు నెలలకోసారి. హార్మోన్లు లేని 'ఛాయ' మాత్ర మొదటి మూడు నెలలూ వారానికి రెండుసార్లు, ఆపైన వారానికొకసారి. పాలిచ్చే తల్లులూ వేసుకోవచ్చు. రోజూ మింగే ఈస్ట్రోజెన్ కలిసిన హార్మోన్ మాత్రలు మాత్రం బీపీ ఉన్నవారికీ, 35 దాటి పొగతాగేవారికీ పనికిరావు. (పొగతో ఆడవాళ్లకేం పని అనకండి. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ సంగతి తెలిసిందేగా!)

అసలు చిక్కు ముప్ఫై దాటాక. ఆపరేషన్ అయినామె ఇక ఆ డాక్టరు గడప తొక్కదు. సరిగ్గా అప్పుడే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు మొదలవ్వాలి. కేంద్రం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల వరకు ఐదేళ్లకోసారి. పెద్ద తతంగమేం కాదు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్నే పలచగా అద్ది, నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్నచోట తెల్లబడుతుంది. తెల్లబడితే క్యాన్సరని కాదు, మరో పరీక్ష కావాలని. అయినా 2019-21 సర్వే నాటికి దేశంలో 30-49 ఏళ్లవారిలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు 2 శాతం కూడా లేరు.

మరి ఆసుపత్రికి ఎప్పుడు వెళ్తారు? తెల్లబట్టో, ఆగని రక్తస్రావమో అయ్యాక. 'పిల్లలు పుట్టేశారుగా, సంచి తీసేద్దాం' అంటే తలూపేస్తారు. 2015-16 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో దాదాపు 9 శాతానికి గర్భసంచి లేదు. దేశ సగటు 3 శాతమే! దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే ఎముకలు గుల్లబారే ముప్పు ముందుకొస్తుంది. మందులతో తగ్గుతుందేమో అడగండి. ఇంకో డాక్టరుకీ చూపించండి.

ఆపరేషన్ నాడు ఒళ్లో ఉన్న పాపకి తొమ్మిదేళ్లొచ్చేసరికి అమ్మకి ముప్ఫయ్యో, ముప్ఫై ఒకటో. క్యాన్సర్‌ని అడ్డుకునే హెచ్‌పీవీ టీకాకి 9-14 ఏళ్లు మంచి వయసు. ఒక్క డోసైనా సరిపోతుందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అమ్మ పరీక్షకి వెళ్లిననాడే పాప టీకా గురించీ అడిగి రావచ్చు.