ఎవరూ అడగని తాళంచెవి

నిరుడు ఉగాది వేడుకల్లో పిల్లల చేత బృందగానం పాడించారు. మా చిట్టికి అప్పుడు ఏడేళ్ళు. సెరిబ్రల్ పాల్సీ వల్ల వీల్‌చెయిర్‌లో తిరుగుతుంది. గొంతుకేం లోటు లేదు కనుక నెల రోజులు కూర్చుని పాట కంఠతా పట్టింది. తీరా వెళ్ళేసరికి స్టేజికి ఐదు మెట్లు! కార్యక్రమం చూసుకుంటున్న ఆవిడ నొచ్చుకుంటూ, "ఏమీ అనుకోకండి అక్కా, పాపని ముందు వరసలో కూర్చోబెడదాం, స్పెషల్ ప్రైజ్ ఇద్దాం" అన్నారు. "థాంక్సండీ" అన్నాను.

ఇంటికొస్తుంటే కారులో చిట్టి అడిగింది, "అమ్మా, నాకు ప్రైజ్ ఎందుకిచ్చారు? నేనేం చెయ్యలేదుగా!"

నాకు సమాధానం దొరకలేదు.

ఆ తర్వాత చిట్టి స్కూల్లో ఒక తల్లి 'ది ఆర్క్' గురించి చెప్పింది. మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు 1950లో మినియాపొలిస్‌లో కలిసి పెట్టుకున్న సంస్థ అది. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం ఉన్నవాళ్ళ హక్కుల కోసం కూడా పనిచేస్తుంది. మా కౌంటీ శాఖలో సభ్యత్వం తీసుకుంటానంటే మావారు, "నలుగురికీ చెప్పుకోవడం ఎందుకు?" అన్నారు. ఆయన్ననుకుని లాభం లేదు. ఇండియాలో పెద్దవాళ్ళకి చిట్టి సంగతి పూర్తిగా చెప్పడానికే మాకు మూడేళ్ళు పట్టింది. చందా మా ఇంటిల్లిపాదీ బయట ఒక పూట తినే ఖర్చుకన్నా తక్కువే. కానీ ఫారంలో 'తల్లి/తండ్రి' అన్న గడిలో టిక్కు పెట్టడానికి మాత్రం చెయ్యి ఆడలేదు.

పెట్టాక తెలిసింది, నాకెన్ని తెలియవో! స్కూల్లో యేటా జరిగే ఐఈపీ సమావేశంలో తల్లిదండ్రులు అతిథులు కారు, చట్టప్రకారం ఆ బృందంలో సభ్యులే. పాప గురించి బాగా తెలిసినవాళ్ళని వెంట తీసుకెళ్ళొచ్చు. కాగితాలు ఇంటికి తెచ్చుకుని చదివాకే సంతకం పెట్టొచ్చు. అంతవరకూ నేను చూపించిన చోటల్లా సంతకం పెట్టి వచ్చేదాన్ని.

ఇక పిల్లలూ, మీకో నిజం కథ. 1990 మార్చి 12న వాషింగ్టన్‌లో వికలాంగులు ఎందరో తమ వీల్‌చెయిర్లు కింద వదిలేసి, కాపిటల్ భవనం మెట్లు పాకుతూ ఎక్కారు. తమ కోసం తెచ్చిన చట్టాన్ని ఆలస్యం చేయొద్దని వాళ్ళ డిమాండ్. అందులో జెన్నిఫర్ కీలన్ అనే ఎనిమిదేళ్ళ పాప ఉంది. ఆమెదీ సెరిబ్రల్ పాల్సీయే. ఆ జులై 26న అధ్యక్షుడు జార్జి హెచ్. డబ్ల్యు. బుష్ ఆ చట్టం మీద సంతకం చేశారు. అదే ఏడీఏ.

చిట్టికి ఈ కథ చెబితే ఒక్కటే అడిగింది, "పైదాకా ఎక్కిందా?"

"ఎక్కింది."

"మళ్ళీ చెప్పు."

మా శాఖలో ఒక పెద్దావిడకి ఉగాది సంగతి చెప్పాను. "స్టేజి మీదికి దారి ఉందేమో హాలు వాళ్ళని అడిగారా?" అంది. అడగలేదు. ర్యాంపు అద్దెకు తెద్దామని లెక్కలు వేశాను. ఏడీఏ కొలతల ప్రకారం అంగుళం ఎత్తుకి అడుగు పొడవు ఉండాలి. మూడడుగుల స్టేజికి ముప్ఫై ఆరడుగులు! ఎక్కడ పడుతుంది? దిగులుగా వెళ్ళి హాలు చూసుకునే అతన్ని అడిగితే, "లిఫ్టు ఉందిగా!" అని తెర పక్కకి తీశాడు. చిన్న లిఫ్టు. తాళం వేసి ఉంది. "చెవి ఆఫీసులోనే ఉంటుంది. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు" అన్నాడు.

ఏళ్ళ తరబడి మనం ఉగాది చేసుకున్న హాలే అది.

చట్టం లిఫ్టు పెట్టించగలదు గానీ, తాళంచెవి మాత్రం మనమే అడగాలి. ఆ అడగడం నేను సభ్యత్వం తీసుకున్నాకే నేర్చుకున్నాను. మన సంఘంలోనూ వేడుకలకి రాకుండా ఇంట్లోనే ఉండిపోతున్న పిల్లలు, పెద్దలు ఉండే ఉంటారు. మీ ఊళ్ళో ఇలాంటి సంస్థ శాఖ ఉంటే చేరండి. మీ ఇంట్లో ఎవరికీ వైకల్యం లేకపోయినా చేరవచ్చు. హాలు మాట్లాడుకునేటప్పుడు లిఫ్టు సంగతి కూడా అడగండి.

ఈ ఉగాదికి చిట్టి స్టేజి మీద పాడింది. రెండో చరణంలో అందరితోపాటు తనూ తాళం తప్పింది. ఈసారి స్పెషల్ ప్రైజ్ ఏమీ లేదు. అందరికీ ఇచ్చిన సర్టిఫికెట్టే తనకీ ఇచ్చారు. దాన్ని ఫ్రిజ్ మీద తనే అంటించుకుంది.