తాతల కాలం కారుకి ఈ కాలం టైరు: సైజు చూసే వేయిస్తున్నారా?

5.90-15. మా తాతయ్య అంబాసిడర్ టైరు మీదున్న నంబర్ ఇది. కొత్త టైర్ల కోసం వెళ్తే, షాపతను 185/65 ఆర్15 చూపించి ‘‘రిమ్ము 15 అంగుళాలే కదా బాబూ, కూర్చుంటుంది’’ అన్నాడు. కూర్చోవడం వేరు, సరిపోవడం వేరు. అందుకే ఇంటికొచ్చి లెక్కేశా.

పాత నంబర్ చదవడం తేలికే. 5.90 అంటే టైరు వెడల్పు, అంగుళాల్లో. మన లెక్కలో సుమారు 150 మిల్లీమీటర్లు. 15 అంటే రిమ్ము వ్యాసం. టైరు ఎత్తు ఎంతో అందులో ఉండదు. అప్పటి టైర్లలో అది దాదాపు వెడల్పుతో సమానం, అంటే 95 శాతం దాకా. ఆ లెక్కన చక్రం మొత్తం ఎత్తు సుమారు 665 మి.మీ.

ఇప్పటి నంబర్ అలా కాదు. 185 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం టైరు ఎత్తు. ‘ఆర్’ అంటే రేడియల్. లెక్కేస్తే చక్రం ఎత్తు 622 మి.మీ. మాత్రమే!

తేడా ఎక్కడ తెలుస్తుందంటే...

చక్రం చిన్నదైతే అదే దూరానికి ఎక్కువసార్లు తిరగాలి. స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే మీరు వెళ్లేది 56లోనే. మీటర్‌లో 100 కిలోమీటర్లు తిరిగితే నిజంగా తిరిగింది 93. మైలేజీ పెరిగిందని సంబరపడిపోకండి! కారు కూడా 2 సెంటీమీటర్లు కిందకి దిగుతుంది. మన స్పీడ్ బ్రేకర్ల సంగతి తెలిసిందేగా.

అదే 165/80 ఆర్15 అయితే ఎత్తు 645 మి.మీ. తేడా 3 శాతమే. వెడల్పు తక్కువ కాబట్టి పవర్ స్టీరింగ్ లేని పాత కార్లో చేతులకీ హాయి. సన్నటి పాత రిమ్ముకి వెడల్పాటి టైరు తొడిగితే అది సరిగ్గా పట్టి ఉండదు. మలుపుల్లో కారు ఊగినట్టుంటుంది.

ప్రాణాల మీదకొచ్చేది ఇదే

పాత టైర్లు క్రాస్ ప్లై. షాపుల్లో ‘నైలాన్ టైరు’ అంటారు. రోడ్డుని పట్టుకునే తీరులో దీనికీ రేడియల్‌కీ చాలా తేడా ఉంది. డబ్బులు సరిపోలేదని ముందు రెండూ రేడియల్ వేసి, వెనక నైలాన్ ఉంచేస్తే, వాన రోడ్డు మీద మలుపులో వెనక భాగం జారిపోవచ్చు. మారిస్తే నాలుగూ ఒకేసారి మార్చండి. ఒకే ఇరుసుకి ఒకటి అది, ఒకటి ఇది అసలే వద్దు.

ట్యూబ్‌లెస్ మోజు కూడా కాస్త ఆపుకోండి. ఇప్పటి రిమ్ముల్లో టైరు అంచు జారకుండా చిన్న గట్టు ఉంటుంది. చాలా పాత రిమ్ములకి అది ఉండదు. గాలి తగ్గితే టైరు రిమ్ము వదిలేస్తుంది. అందుకే ట్యూబ్, అదీ రేడియల్‌కి పనికొచ్చేది వేయించుకోవాలి.

డబ్బులిచ్చే ముందు

* చక్రం ఎత్తు తేడా 3 శాతం లోపు ఉందా?
* మీ రిమ్ము వెడల్పుకి ఆ టైరు పనికొస్తుందా?
* కారు బరువుని మోయగలదా?
* టైరు వయసెంత? పక్కన ముద్రించిన చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. పాత సైజు టైర్లు వెతికితేగానీ దొరకవు. వెతికే ఓపిక లేక, షెడ్డులో ఏళ్లతరబడి పడున్న ‘కొత్త’ టైరు మాత్రం కొనకండి. గీతలు నిండుగా కనిపించినా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. బ్రేకేసినప్పుడు కారుని ఆపాల్సింది ఆ రబ్బరే.