నవ్వినా, తుమ్మినా మూత్రం జారుతోందా? అమ్మలతో ఒక మాట



మొన్న స్పోర్ట్స్ డేకి మదర్స్ స్కిప్పింగ్ రేస్ పెడదామనుకున్నాం. ఒక అమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఇద్దరు పిల్లలు పుట్టాక గెంతలేనండీ మేడమ్, బట్టలు తడుస్తాయి" అని మెల్లగా చెప్పారు. డాక్టర్‌కి చూపించారా అంటే, "దీనికి కూడా డాక్టరా?" అన్నారు. స్కిప్పింగ్ తీసేసి లెమన్ అండ్ స్పూన్ పెట్టాం. ఆవిడ సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

ఇది చాలామంది ఆడవాళ్లకు ఉండేదే. మూత్రాశయాన్ని, గర్భసంచిని, పెద్దపేగు చివరి భాగాన్ని కింద నుంచి ఊయలలా మోసే కండరాలుంటాయి. గర్భం, కాన్పు, అధిక బరువు, మెనోపాజ్, ఏళ్ల తరబడి మలబద్ధకంతో ముక్కడం వల్ల అవి వదులవుతాయి. అప్పుడు దగ్గినా మూత్రం జారుతుంది. కొందరిది ఇంకో రకం: వెళ్లాలనిపించాక ఇక ఆగదు, బాత్‌రూమ్ చేరేలోపే అయిపోతుంది. రెంటికీ వైద్యం వేరు.

మనం ముందుగా చేసే పని నీళ్లు మానేయడం. (మా స్టాఫ్‌రూమ్‌లోనూ అంతే, వరస పీరియడ్లుంటే బాటిల్ మూత తీయం.) దానివల్ల చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది, మలమూ గట్టిపడుతుంది. తగ్గించాల్సింది టీ, కాఫీలు.

మొదటి రకానికి కెగెల్ వ్యాయామం బాగా పనిచేస్తుంది. గ్యాస్ ఆపుకున్నట్టు లోపలికి బిగించి, కొన్ని సెకన్లుంచి వదలాలి. ఊపిరి బిగపట్టొద్దు. విడతకు 8 సార్లు, రోజుకు 3 విడతలు, కనీసం 3 నెలలు. స్కూల్ బస్సు కోసం నిలబడి కూడా చేయొచ్చు, ఎవరికీ తెలియదు. రెండో రకానికి డాక్టర్ సలహాతో కొద్దికొద్దిగా ఆపుకునే గడువు పెంచే శిక్షణ ఉంది, కనీసం 6 వారాలు పడుతుంది.

మొదటే పెద్దాసుపత్రికి పరుగెత్తక్కర్లేదు. ఫ్యామిలీ డాక్టర్, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, బస్తీ దవాఖానా చాలు. 3 రోజులు ఏం తాగారు, ఎన్నిసార్లు వెళ్లారు, ఎప్పుడు జారిందో రాసుకెళ్లండి. మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేయిస్తారు. వాడుతున్న మందులూ చెప్పండి, ఐరన్ మాత్రలతో మలబద్ధకం రావచ్చు. మలం ఆగకపోతే అదీ దాచొద్దు, కాన్పులో కండరం చిరిగినవాళ్లకు అలా అవుతుంది. మూత్రంలో, మలంలో రక్తం పడినా, జ్వరంతో నడుము పక్కన నొప్పి వచ్చినా ఆలస్యం చేయకండి.

నాన్నగార్లకు: ఊరెళ్లేటప్పుడు కారు ఆపమంటే ఆపండి. క్లినిక్‌కి వెంట వెళితే, లోపలికి రావాలా బయట కూర్చోవాలా అని ముందే ఆవిణ్ని అడగండి.