అరకొర మందుతో అమీబా పోదు

విరేచనాలు పట్టుకోగానే మందుల షాపుకెళ్లి నాలుగు మెట్రోనిడజోల్ మాత్రలు తెచ్చుకోవడం, రెండు వేసుకోగానే తగ్గిందని మిగతావి పక్కన పడేయడం మనలో చాలామందికి అలవాటు. ఇది ఎందుకు మంచిది కాదో అర్థం కావాలంటే అమీబా ఎలా బతుకుతుందో, ఆ మందు దాన్ని ఎలా చంపుతుందో కాస్త తెలుసుకోవాలి.

క్రోసూరు వైపు నుంచి ఒక మిరప రైతు మా ఆసుపత్రికి వచ్చారు. నలభై లోపు వయసు. వారం రోజులుగా చలిజ్వరం, కుడి పక్కటెముకల కింద నొప్పి. విరేచనాలేమైనా ఉన్నాయా అని అడిగితే, ‘‘ఇప్పుడేం లేవండీ. రెండు నెలల కిందట జిగట విరేచనాలైతే రెండు బిళ్లలేసుకున్నా, తగ్గిపోయినయ్’’ అన్నారు. అల్ట్రాసౌండ్‌లో కాలేయంలో చీముగడ్డ కనిపించింది. రక్తపరీక్షతో అది అమీబా పనేనని తేలింది. పేగులో మిగిలిపోయిన అమీబా పేగు గోడను తొలుచుకుని, రక్తంతో పాటు కాలేయానికి చేరింది.

ఆక్సిజన్ లేకుండా బతుకు

మనం తిన్న అన్నంలోని గ్లూకోజును మన కణాలు ఆక్సిజన్ సాయంతో మండించి శక్తిగా మార్చుకుంటాయి. ఆ శక్తి ఏటీపీ అనే పదార్థం రూపంలో ఉంటుంది. కండరాల్లోని ఈ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి గుర్తించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే.

మన కణాల్లో ఈ పని మైటోకాండ్రియాలలో జరుగుతుంది. ఒక్క గ్లూకోజు అణువు నుంచి దాదాపు 30 ఏటీపీలు వస్తాయి. పెద్దపేగులో ఆక్సిజన్ చాలా తక్కువ. అక్కడ బతికే అమీబాకు ఇలా శక్తినిచ్చే మైటోకాండ్రియాలు లేవు. అది గ్లూకోజును సగంలోనే విరిచి, కొద్దిపాటి ఏటీపీలతో సరిపెట్టుకుంటుంది. చిన్నపిల్లల్లో దుర్వాసనతో, జిడ్డుగా విరేచనాలు తెచ్చే జియార్డియా, మహిళల్లో తెల్లబట్టకు ఒక కారణమైన ట్రైకోమోనాస్ కూడా ఇలాంటి జీవులే.

మందు పనిచేసేది ఇక్కడే

ఈ జీవుల్లో మన కణాల్లో లేని ఒక ఎంజైము ఉంటుంది. దాని పేరు పైరువేట్ ఫెర్రిడాక్సిన్ ఆక్సిడోరిడక్టేజ్. పేరు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. గ్లూకోజు విరిగేటప్పుడు వెలువడే ఎలక్ట్రాన్లను అందిపుచ్చుకోవడం దాని పని.

మెట్రోనిడజోల్ నేరుగా విషం కాదు. అమీబాలోకి వెళ్లాక ఆ ఎలక్ట్రాన్లను తీసుకున్నప్పుడే విషంగా మారి, దాని డీఎన్‌ఏను ముక్కలు చేస్తుంది. మన కణాల్లో అలాంటి ఎంజైము లేదు. పైగా ఒకవేళ మందుకు ఎలక్ట్రాన్ అందినా ఆక్సిజన్ దాన్ని లాగేసుకుంటుంది. అందుకే మందు అమీబాను చంపుతుంది, మనల్ని వదిలేస్తుంది.

దీన్నిబట్టి రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, వైరస్ వల్ల వచ్చే నీళ్ల విరేచనాలకు ఈ మందు పనికిరాదు. వాటికి ముందుగా కావాల్సింది ఓఆర్ఎస్. రెండు, పేగులో అమీబా గట్టి పెంకు కట్టుకుని నిద్రపోతున్న దశలో కూడా ఉంటుంది. ఆ గుడ్ల మీద ఈ మందు సరిగా పనిచేయదు. అందుకే కోర్సు పూర్తయ్యాక డైలాక్సనైడ్ లాంటి రెండో మందు కూడా ఇస్తాం. చాలామంది ఇక్కడే మానేస్తారు. ఆ గుడ్లు మళ్లీ జబ్బు తెస్తాయి, మలంతో బయటికొచ్చి ఇంట్లోవాళ్లకూ అంటుకుంటాయి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

జ్వరంతో పాటు కుడివైపు డొక్కలో నొప్పి ఉంటే, దగ్గినా ఆ పక్కకు తిరిగి పడుకున్నా అది ఎక్కువైతే వెంటనే ఆసుపత్రికి రండి. విరేచనాలు లేవని ఊరుకోవద్దు. కాలేయంలో చీము పట్టినవారిలో చాలామందికి ఆ సమయంలో విరేచనాలు ఉండవు, మలపరీక్షలోనూ ఏమీ కనిపించకపోవచ్చు. ఈ జబ్బు ఆడవాళ్లలో కంటే మగవాళ్లలో చాలా ఎక్కువ. కల్లు, సారా అలవాటున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. మలంలో రక్తం, జిగురు పడుతున్నా సొంతవైద్యం వద్దు.

ఇవి గుర్తుంచుకోండి

• మందు ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ వాడండి. మూడోరోజు బాగుందని ఆపొద్దు.

• మందు వాడుతున్నన్నాళ్లూ, ఆపాక మరో మూడు రోజులూ మద్యం, కల్లు ముట్టొద్దు. వాంతులు, గుండెదడ రావచ్చు.

• నోట్లో ఇనుము చప్పరించినట్టు ఉండటం, మూత్రం ముదురు రంగులో రావడం మామూలే. కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కితే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పండి.

• గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

• మామూలు మోతాదు క్లోరిన్‌కు అమీబా గుడ్లు చావవు. నీళ్లు కళపెళ మరిగించి చల్లార్చుకుని తాగండి.

• మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, వంటకు ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. పచ్చి కూరగాయలు, కొత్తిమీర బాగా కడిగి వాడండి.

ఆ రైతు కాలేయంలోని చీమును సూదితో తీశాం. రెండు మందులూ చివరిదాకా వాడారు. మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు జేబులోంచి ఖాళీ మాత్రల అట్టలు తీసి నా బల్ల మీద పెట్టారు. మీ ఇంట్లోనూ మాత్రల అట్ట ఖాళీ అయ్యాకే జబ్బు తగ్గినట్టు లెక్కేసుకోండి.